తెల్లదారం సీసా

కమలాకుమారి చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా పోయి ఆగింది. బరువులు తూచే గది తలుపు మూసుకుంది. అప్పుడు సత్తెమ్మ బల్ల కింద నుంచి ఇత్తడి చెంబు బయటికి తీసింది.

బల్ల మీద రెండు సీసాలున్నాయి. రెండూ ముదురు గోధుమరంగు గాజువే. లోపల ఏముందో పైకి కనిపించదు. ఒకదాని మెడకు ఎర్రదారం, ఇంకోదానికి తెల్లదారం. ఎర్రదారం సీసాలో కొడిశపాల చెట్టు చెక్క నుంచి తీసిన మందు. తెల్లదారం సీసాలో మంచినీళ్లు. గోడ వెంట ఉన్న పంజరాలకూ అవే రంగులు. పై వరుసకు ఎర్ర రంగు, కింది వరుసకు తెల్ల రంగు పూశారు. వరుసకు పన్నెండు జంతువులు. కాగితాల మీద వాటి పేరు గినీ పందులు. ఫ్యాక్టరీలో అందరూ తోకలేని ఎలుకలంటారు.

మూడు వారాల పాటు వాటి తాగే నీళ్లలో సముద్రపు పాచి పొడి కలిపారు. ఆ పొడి పెద్దపేగులో పుండ్లు పుట్టిస్తుంది. పుండ్లు పడ్డాయనడానికి గుర్తు పంజరం కింది రేకులో కనిపిస్తుంది. రంపపు పొట్టు మీద జిగట, దాని మధ్య ఎర్రటి చారలు. రోజూ ఉదయం ఇరవైనాలుగు రేకులూ లాగి ఆ పొట్టు దులిపేది సత్తెమ్మే.

ఆమె రెండు సీసాలనూ చెంబులోకి వంపింది. వేలితో కాకుండా, అందుకని తెచ్చుకున్న వేపపుల్లతో కలిపింది. తర్వాత చెంబు వంచి ముందు ఎర్రదారం సీసా, తర్వాత తెల్లదారం సీసా నింపింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, కిటికీ వెలుగులో మెడల దగ్గర చూసింది. తెల్లదారం సీసా గోరంత తక్కువ. ఎర్రదారం సీసా నుంచి నాలుగు చుక్కలు అందులోకి వంపింది.

చెంబు కడిగి బల్ల కింద బోర్లించేసరికి తలుపు తెరుచుకుంది.

"ఇంకా మొదలుపెట్టలేదా సత్తెమ్మా?" అంది కమలాకుమారి. చేతిలో నోటుపుస్తకం, వేళ్ల మధ్య రెండు పెన్సిళ్లు. బందరు దగ్గరి వాళ్లు. తండ్రి రామచంద్రాపురం పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఈ మందుల కంపెనీలో ఆమె చేరి ఏడాది కాలేదు. నౌకరీ ఇంకా ఖాయం కాలేదు.

"పోస్తున్నమ్మా. గిప్పుడే రేకులు కడిగిన."

కమలాకుమారి తెల్ల వరుసలో అయిదో పంజరం ముందు కూర్చుంది. రేకు లాగి పొట్టు చూసింది. మళ్లీ చూసింది.

"దీనికి నెత్తురు ఆగిపోయింది," అంది.

సత్తెమ్మ చుక్కల గొట్టంలోకి మందు పీల్చింది. ఎర్ర వరుసలో మొదటి దాన్ని బయటికి తీసి, చెంగుతో చుట్టి, ఎడమ మోచేతి వంపులో పెట్టుకుంది. బుగ్గ పక్క నుంచి చుక్కల గొట్టం దూర్చి మందు వదిలింది. ఆమె చేతిలో ఏదీ పెనుగులాడదు. వేరేవాళ్లు పడితే కిచకిచమని అరిచి, పోసింది సగం కక్కేస్తాయి.

"తగ్గకూడదే," అంది కమలాకుమారి తనలో తాను. పెన్సిల్ కాసేపు కాగితం మీదే ఆగిపోయింది. తర్వాత చూసింది చూసినట్టు రాసింది.

మధ్యాహ్నం బాయిలర్ దగ్గర పనిచేసే లతీఫ్ సద్దిగిన్నె విప్పుతూ పలకరించాడు. "ఏం సత్తెక్కా, నీ పందులకు నాష్తా అయిందా?"

"పందులెక్కడివిరా? తోకలేని ఎలుకలు గవి."

"పేరు పందులే గద. పందులున్న కాడ నౌకరీ అని మా అమ్మీకి ఎవడో చెప్పిండు. రెండు రోజులు నా గిలాస ముట్టలే. ఆఖరికి అయి ఎలుకలని అల్లా కసమ్ తింటే రొట్టె పెట్టింది."

సత్తెమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే అడిగింది. "రేపే గద వాటిని కోసేది?"

"అవునంట. భీమశంకరం సారు పొద్దుగాలనే వస్తడంట. ఎందుకక్క, పరేషాన్ అయితున్నవా?"

"ఏం లేదు," అంది. కోస్తారని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. చచ్చేదాకా నొప్పి లేకుండా ఉంటే చాలనుకుంది, అంతే.

బుధవారం ఉదయం ఎనిమిదింటికే భీమశంకరం వచ్చాడు. పొడవాటి మనిషి. తెల్ల కోటు మెడదాకా గుండీలు పెట్టుకుంటాడు. ఎవరినీ గదమాయించడు, ఎవరితోనూ నవ్వడు. పరిశోధన విభాగానికి ఆయనే పెద్ద. బొంబాయి హెడ్డాఫీసుకు ఉత్తరాలు ఆయన పేరు మీదే పోతాయి.

గాజు డబ్బాలో మత్తుమందు దూది వేసి, సత్తెమ్మ ఒక్కొక్కదాన్ని అందులో ఉంచింది. కదలిక ఆగాక తీసి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కమలాకుమారి కోసింది. పెద్దపేగు తీసి, నిలువునా చీల్చి, ఉప్పునీళ్లలో కడిగి, మైనం పోసిన పళ్లెంలో గుండుసూదులతో పరిచింది. భీమశంకరం భూతద్దం పెట్టి పుండ్లు లెక్కపెట్టాడు. అంకె చెప్పగానే కమలాకుమారి గోడ మీది నల్లబల్ల మీద రాసింది. ఎడమ పక్క ఎర్ర వరుస, కుడి పక్క తెల్ల వరుస.

"ఆరు."

"ఏడు."

"అయిదు."

మందు మొదలుపెట్టిన నాడు నమూనాకు మూడింటిని కోశారు. వాటిలో ఒక్కోదానికి ఇరవైకి పైగా పుండ్లున్నాయి. ఆ అంకెలు నల్లబల్ల పై మూలన ఇంకా చెరగకుండా ఉన్నాయి.

ఎర్ర వరుస అయిపోయి తెల్ల వరుస మొదలైంది.

"ఆరు," అన్నాడు భీమశంకరం.

కమలాకుమారి చెయ్యి ఆగింది. "ఎంతండీ?"

"ఆరు. రాయండి."

తర్వాత ఏడు. తర్వాత అయిదు. పన్నెండోది పూర్తయ్యాక భీమశంకరం భూతద్దం కింద పెట్టి, నల్లబల్ల ముందు నిలబడ్డాడు. సుద్దముక్కతో రెండు వరుసల కిందా గీత గీసి, కూడి, భాగించాడు. రెండు వైపులా ఆరు.

సత్తెమ్మకు చదువు రాదు గానీ అంకెలు తెలుసు. రెండు వైపులా ఒకటే అంకె పడ్డది చూసి లోపల తేలికైంది. ఒక వరుస తిని, ఒక వరుస పస్తుండలేదు. తిరిగి చూస్తే భీమశంకరం ముఖంలో రంగు లేదు. కమలాకుమారి గుండుసూదులు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తోంది. ఒకటి ఆమె వేలికి గుచ్చుకున్నా చెయ్యి ఆపలేదు.

గురువారం సత్తెమ్మ వరండా తుడుస్తోంది. భీమశంకరం గది తలుపు సగం తెరిచి ఉంది.

"వానాకాలంలో ఆరు జంతువుల మీద చేసిన పరీక్ష మీదే కదా, కమలాకుమారి గారూ?"

"అవునండీ."

"మందు పోసిన మూడింటికీ ఒకటీ రెండూ పుండ్లు. నీళ్లు పోసిన మూడింటికీ ఇరవై. అలా రాశారు."

"అలాగే ఉన్నాయండీ."

"మందు పోసింది మీరు. కోసింది మీరు. లెక్కపెట్టింది మీరు. రాసింది మీరు. పక్కన ఇంకెవరూ లేరు."

సత్తెమ్మ చీపురు కదపకుండా నిలబడింది.

"నేను లేనిది రాయలేదండీ."

"మీరు రాసిన ఆ కాగితాన్ని నమ్మి నేను బొంబాయికి రాశాను. ఈ మందు పేగుపూతకు పనిచేస్తుందనీ, ఇంకో పరీక్ష అయ్యాక ఆసుపత్రిలో రోగులకు ఇచ్చి చూడొచ్చనీ. ఇప్పుడు మందుకూ మంచినీళ్లకూ తేడా లేదని తేలింది. పాచి పొడి ఆపగానే వాటంతటవే మానుతున్నాయన్నమాట. మరి అప్పుడు మీరు నీళ్లు పోసిన మూడూ ఎందుకు మానలేదు?"

"తెలియదండీ."

"శనివారం టపాలో ఫైలు మూసేయమని రాస్తున్నాను. కారణం కూడా రాయాలి. మీ అంతట మీరే రాజీనామా ఇస్తే మీ పేరు రాయను."

కమలాకుమారి బయటికి వచ్చింది. సత్తెమ్మను దాటుకుంటూ పోయింది గానీ చూడలేదు. జంతువుల గదిలోకి పోయి, ఖాళీ పంజరాల ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం అయిదున్నరకు సిబ్బంది బస్సు హారన్ కొట్టినప్పుడు కూడా చదువుతూనే ఉంది.

"బస్సు పోతదమ్మా," అంది సత్తెమ్మ.

"ఎక్కడో నేను తప్పు చేశాను. అది దొరకడం లేదు," అంది ఆమె తల ఎత్తకుండా. "పంజరాలు ఎప్పుడైనా తారుమారయ్యాయా సత్తెమ్మా? కడిగేటప్పుడు?"

"లేదమ్మా. ఒక్కనాడు కూడా కాలే."

అది నిజమే. సత్తెమ్మ ఆ నిజం చాటున నిలబడింది. తనది దినకూలీ. పర్మనెంటు చేసే కాగితం ఆ పరీక్ష ముగిశాకే కదులుతుందని మొన్ననే చెప్పారు. బస్సు రెండోసారి హారన్ కొట్టింది.

సత్తెమ్మ తన ఊరు ముత్తంగి దాకా నడిచి పోతుండగా రోడ్డు పక్కన పొలంలో ఎవరో చెరుకు ఆకు తగలబెడుతున్నారు. ఆమె ఇంటికి పోయి అన్నం వండింది. కంచంలో పెట్టుకుంది. తినలేక కోడికి వేసింది.

శుక్రవారం ఉదయం కమలాకుమారి సొరుగులు ఖాళీ చేస్తోంది. ఒక పెన్ను, టిఫిన్ డబ్బా, చేతిరుమాలు, నాలుగు పుస్తకాలు. సంచిలో ఒక కవరు పెట్టుకుంది. అంటించలేదు.

సత్తెమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. చెంబు తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టింది.

"ఏమిటిది?"

"మందు మంచిదేనమ్మా. నేనే ఖరాబు చేసిన."

కమలాకుమారికి అర్థం కాలేదు.

"రెండు సీసలు గీ చెంబుల పోసి కలిపిన. మళ్ల సమంగ రెండిట్ల పోసిన. రోజూ గిట్లనే. పద్నాలుగు రోజులు."

కమలాకుమారి లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడిపోయింది.

"ఎందుకు? ఎందుకు చేశావు అలా?"

"గా తెల్ల వరుసవి ఏం పాపం చేసినయమ్మా? అన్నిటికీ నెత్తురు విరేచనాలే. ఒకదాని నోట్ల మందు పోసి, పక్కదాని నోట్ల ఉత్త నీళ్లు పోసుడు నాతోని కాలే."

"అది పరీక్ష, సత్తెమ్మా! నీళ్లు తాగినవి మానకుండా ఉంటేనే కదా మందు వల్ల మానిందని తెలిసేది? నువ్వు... నన్ను దొంగ అన్నారు నిన్న. విన్నావు కదా? వింటూ నిలబడ్డావు కదా?"

"ఇన్న."

"మరి నిన్నే ఎందుకు చెప్పలేదు?"

"నౌకరీ పోతదని," అంది సత్తెమ్మ. కొంచెం ఆగి, చెంబు అంచును బొటనవేలితో తుడిచింది. "మా బిడ్డ బాలమణికి గిదే రోగం. పట్నం పెద్ద దవాఖానల పదకొండు రోజులు సీస ఎక్కిచ్చిన్రు. నేను మందనుకున్న. ఉప్పునీళ్లంట గవి. మందు వస్తది, శనివారం వస్తది అన్నరు. వచ్చింది. ఒక్కటే వచ్చింది. పక్క మంచం పోరికి పెట్టిన్రు."

కమలాకుమారి పడిపోయిన స్టూలు ఎత్తి నిలబెట్టింది. కూర్చోలేదు.

"గా పోరి బతికింది. మంచిగనే అయింది. నేనేమనలె," అంది సత్తెమ్మ.

శనివారం పది గంటలకు ఇద్దరూ భీమశంకరం గదిలో నిలబడ్డారు. టపా సంచి బల్ల పక్కన ఉంది. కమలాకుమారి జరిగింది చెప్పింది. సత్తెమ్మ కూతురి సంగతి మాత్రం చెప్పలేదు.

భీమశంకరం చివరిదాకా విని సత్తెమ్మ వైపు తిరిగాడు.

"ఈవిడను కాపాడాలని చెబుతున్నావా?"

"లేదు సారు. నిజంగనే కలిపిన."

"కలిపి పోస్తే ఒక దాంట్లో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ పడుతుంది. అంకెల్లో తెలిసిపోతుంది. పన్నెండూ పన్నెండూ అంత సమానంగా రావు."

సత్తెమ్మ జవాబు వెతుక్కోలేదు. పోయి రెండు సీసాలు, చెంబు తెచ్చింది. గది మూలనున్న కుండలోని నీళ్లు చెంబులోకి వంపి, ఆయన చూస్తుండగానే రెండు సీసాలూ నింపింది. పక్కపక్కన పెట్టి, తల వంచి మెడల దగ్గర చూసింది. ఒక సీసా ఎత్తి రెండో దాంట్లోకి మూడు చుక్కలు వంపింది.

భీమశంకరం గీతలున్న గాజు గొట్టం తెచ్చుకుని మొదటి సీసా అందులోకి వంపాడు. కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు. తొంభయ్యారు. పారబోసి రెండో సీసా వంపాడు. తొంభయ్యారు.

ఆయన గాజు గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఎవ్వలు నేర్పుతరు సారు? అయిదుగురు అక్కచెల్లెండ్లం. గంజి నేనే పంచేది. జెర తక్కువైతే కొట్లాట."

కిటికీ బయట ఒక లారీ బొంబాయి రోడ్డెక్కి గేరు మార్చుకుంది.

"నిన్ను ఈ క్షణమే పంపించేయాలి," అన్నాడు భీమశంకరం.

"పొమ్మంటే పోత సారు. మేడంను ఏమనకున్రి."

ఆయన లేచి నల్లబల్ల ఉన్న గదిలోకి నడిచాడు. ఇద్దరూ వెనకాలే పోయారు. రెండు ఆరు అంకెలు అలాగే ఉన్నాయి. పై మూలన ఇరవైమూడు, ఇరవైరెండు, ఇరవైనాలుగు.

"అటు చూడు. ఇరవై మూడు ఆరయ్యాయి. సగం మందుతో అయ్యాయనుకోవచ్చు. కానీ నేను ఆ మాట అనలేను. నీళ్లు తాగి మానకుండా మిగిలినది ఒక్కటైనా ఉంటే అనగలిగేవాణ్ని. నువ్వు ఒక్కదాన్నీ మిగల్చలేదు. రెండు వరుసలూ సమానమైతే లోకం లెక్కలో ఈ మందు లేనట్టే. ఈ పాటికి టపా పోయి ఉంటే, ఏ ఆసుపత్రికీ, ఏ మంచానికీ ఇది వచ్చేది కాదు."

సత్తెమ్మ నల్లబల్ల వైపే చూసింది. ఆమె పెదవులు కదిలాయి.

"ఏ మంచానికీ రాదా సారు? పక్క మంచానికి కూడా?"

ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. కమలాకుమారి కిటికీ వైపు తిరిగింది.

"ఎవరికీ రాదు," అన్నాడు.

తర్వాత ఆయన తన గదిలోకి పోయి, టపా సంచిలో చెయ్యి పెట్టి ఒక పొడవాటి కవరు బయటికి తీశాడు. దాన్ని రెండుగా మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. కమలాకుమారి సంచిలో ఉన్న కవరు గురించి అడగలేదు.

"పక్క గదిలో ఇంకో ఇరవై జంతువులు ఉన్నాయి. పుండ్లు పడ్డాయి. సోమవారం మొదలుపెడదాం."

"నేను పోస్తానండీ," అంది కమలాకుమారి.

"వద్దు. కోసి చూసేది మీరు. పోసే మనిషీ చూసే మనిషీ ఒకరే అయితే ఏమవుతుందో చూశాం. మీ ఆరింటి పరీక్షకు రెండో మనిషిని పెట్టనిది నేను. అది నా తప్పు." చేత్తో సత్తెమ్మ వైపు చూపించాడు. "సత్తెమ్మే పోస్తుంది."

"నాతోని కాదు సారు," అంది సత్తెమ్మ వెంటనే.

"నీ చేతిలో అవి కక్కవు. ఈ ఫ్యాక్టరీలో ఇంత సమంగా పోయగలిగిన చెయ్యి ఇంకోటి లేదు."

"ఇవి నీళ్లని తెలిసి తెలిసి నోట్ల పొయ్యలేను. నన్ను పంపియ్యున్రి."

భీమశంకరం కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీది దారపు ఉండలు తీసుకుని ఎర్రదీ తెల్లదీ రెండూ సొరుగులో వేసి మూశాడు.

"తెలియకుండా పొయ్యి," అన్నాడు. "నీకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. నాకు తెలుసు. ఒకరికి తెలిస్తే చాలు."

సోమవారం బల్ల మీద రెండు సీసాలున్నాయి. మెడలకు దారాలు లేవు. ఒకదాని మూత మీద ఒక గీత, ఇంకోదాని మీద రెండు గీతలు. పంజరాలకూ అవే గీతలు. నీళ్లలో మాడ్చిన బెల్లం కలిపారు. చుక్కల గొట్టంలోకి పీల్చినా రెండూ ఒకే రంగు.

"ఏది ఏదో నాకు నిజంగా తెలియదు," అంది కమలాకుమారి. "ఆదివారం సారు ఒక్కరే వచ్చి కలిపారట. చీటీ రాసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు."

కిటికీలోంచి చూస్తే ఎదురు భవనం వరండాలో భీమశంకరం నిలబడి ఉన్నాడు. ఇటు చూడటం లేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఈ గదిలోకి మాత్రం రాలేదు.

కమలాకుమారి పుస్తకం తీసుకుని బయటికి పోయింది. చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా పోయి ఆగింది. తలుపు మూసుకుంది.

సత్తెమ్మ ఒంటరిగా ఉంది. చెంబు బల్ల కింద అలాగే ఉంది. ఎవరూ తీసేయలేదు.

ఒక గీత సీసా మూత తీసి, గొట్టంతో పీల్చింది. మొదటి పంజరంలో నుంచి తెల్లటి దాన్ని తీసి చెంగులో చుట్టి మోచేతి వంపులో పెట్టుకుంది. దాని కడుపు వేడిగా, వేగంగా కొట్టుకుంటోంది. వెనక కాళ్ల మధ్య వెంట్రుకలు నెత్తురుతో అట్టకట్టి ఉన్నాయి. బుగ్గ పక్క నుంచి గొట్టం దూర్చి వదిలింది. అది మింగింది. ఇంకేమైనా ఉందా అన్నట్టు గొట్టం మొనను నాకింది.

గొట్టం తీసేటప్పుడు ఒక చుక్క సత్తెమ్మ బొటనవేలి మీద పడింది.

కొడిశపాల చేదు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు కడుపులో నొప్పి అంటే అమ్మ ఆ చెక్కే నూరి నాలుకకు రాసేది. సాయంత్రం దాకా పోదు ఆ చేదు. బెల్లం నీళ్లయితే తీపి. వేలు నాలుకకు తగిలిస్తే చాలు, ఇప్పుడే తెలిసిపోతుంది. తెలిస్తే చెంబు దగ్గరే ఉంది.

ఆమె వేలు పైకి ఎత్తింది. ముఖం దాకా వచ్చాక కాసేపు అలాగే పట్టుకుంది. చుక్క జారి మణికట్టు మీదికి పాకింది.

సత్తెమ్మ చేతిని చీర కుచ్చిళ్లకు గట్టిగా తుడుచుకుంది. కుండలోని నీళ్లతో ఒకసారి, మళ్లీ ఒకసారి కడుక్కుంది. మోచేతి వంపులో ఉన్నదాన్ని పంజరంలో వదిలి, గుప్పెడు పచ్చగడ్డి వేసి, పక్క పంజరం తలుపు తీసింది.